నీ మరిది చేతులు

ధోబీ తలావ్, బొంబాయి
1964 జనవరి, ఆదివారం

నా బంగారు పియెదాద్ అక్కకి,

అమ్మ నడుంనొప్పి తగ్గిందని రాశావు, మనసు కుదుటపడింది. ఇక్కడ ఒక వింత జరిగింది. నీ మరిది, అదే మా ఆయన బొనిఫాస్, సినిమాలో వేస్తున్నాడు. నవ్వకు. మనిషంతా కాదు, చేతులు మాత్రమే.

అంధేరీ స్టూడియోలో రిజ్వీ సాహెబ్ అని ఒక డైరెక్టరు. రష్యావాళ్ల పాత కథ ఒకటి పట్టుకుని హిందీ సినిమాగా తీస్తున్నాడు. అక్కడెక్కడో మంచులో ఒక జమీందారు ఇల్లు, ఆ ఇంట్లో పియానో. దాన్ని శ్రుతి చేయడానికి పట్నంనుంచి ఒక పేదవాడు వస్తాడు. జమీందారు పెళ్లాం వాడిమీద మనసు పడుతుంది. వాడు మళ్లీ మళ్లీ రావాలని కత్తెర పెట్టి తీగలు తెంపుతూ ఉంటుంది. వాడు సంగతి కనిపెట్టి ఒకరోజు ఆ పియానోని ఇంకెన్నేళ్లయినా తన అవసరం రానంత బాగా బిగించేసి, చెప్పాపెట్టకుండా వెళ్లిపోతాడు. అదీ కథ. పెళ్లయినదాన్ని అలా చూపిస్తే జనం కుర్చీలు విరగ్గొడతారని రిజ్వీ సాహెబ్ ఆమెను జమీందారు మేనకోడల్ని చేశాడట. మంచుకోసం నైనితాల్ వెళతారట. ఆఖర్న పెళ్లి కూడా పెట్టాడట. రష్యావాడు విడదీసినవాళ్లని హిందీవాడు కలుపుతున్నాడన్నమాట.

హీరోగారివి బొద్దువేళ్లు. శ్రుతి బిగించే పనిముట్టు ఆయన పట్టుకుంటే రోకలి పట్టుకున్నట్టుందని అందరూ నవ్వారట. ఆ స్టూడియో పియానో శ్రుతి చేసేది ఎటూ నీ మరిదే కాబట్టి, ముఖం హీరోది పెట్టి, దగ్గరగా చూపించేటప్పుడు బొనిఫాస్ చేతులు పెడదామన్నారు. విన్నరోజు నేను పొంగిపోయాను. మా అంతస్తులో తొమ్మిది గడపలూ తొక్కి చెప్పొచ్చాను.

ఆ పొంగు వారం నిలవలేదు. చేతులమీద గీత పడకూడదని స్టూడియోవాళ్లు ఆజ్ఞ వేశారు. రొయ్యలు ఒలిచేది మా ఇంట్లో ఎవరో నీకు తెలుసుగా. ఇప్పుడు ఒలవడు. కొబ్బరికాయ కొట్టడు. బిందె ఎత్తడు. నేను వీధి కొళాయినుంచి నీళ్లు మోసుకొస్తుంటే మహారాజులా కిటికీ దగ్గర కూర్చుని చేతులకి క్రీమ్ రాసుకుంటున్నాడు. నీలం సీసా, మల్లెపూల వాసన.

"ఇదెక్కడిది?" అన్నాను.

"ఆవిడ ఇచ్చింది."

"ఏ ఆవిడ?"

"ఆవిడే."

ఆవిడంటే హీరోయిన్ చారుబాల. పేరు చెప్పడానికి నోరు రాలేదు చూశావా. పేరు చెప్పగలిగితే నాకింత మంట పుట్టేది కాదు. సీసా తీసి బియ్యం డబ్బా వెనక పడేశాను. పొద్దున్నే వెతికి తీసుకుని మళ్లీ రాసుకున్నాడు.

చేపల పులుసు మాడుతోంది. ఉంటాను.

నీళ్లు మోసే నీ చెల్లెలు,
క్లెమెన్తీనా


ధోబీ తలావ్
ఫిబ్రవరి, బుధవారం

అక్కా,

ఈ ఉత్తరం అమ్మకి చదివి వినిపించకు. అడిగితే, ఎండుచేపలు పంపమని రాసిందని చెప్పు.

పై అంతస్తులో ఎస్తెలా ఉంది కదా, దాని మొగుడు అదే స్టూడియోలో వయొలిన్ వాయిస్తాడు. నిన్న బట్టలు ఆరేస్తూ నన్ను పట్టుకుంది. "ఏం క్లెమీ, నీ మొగుడు మహా మాటకారి అటగా" అంది. ఎవరి మొగుడి గురించి మాట్లాడుతున్నావన్నాను. "నీ మొగుడే తల్లీ. టిఫిన్ వేళ వస్తే చాలు, చారుబాల కుర్చీ లాగి పక్కన కూర్చోబెట్టుకుంటుందట. నీవాడు చెబుతూ ఉంటాడట, ఆవిడ బుగ్గమీద చెయ్యి పెట్టుకుని వింటూ ఉంటుందట. షాట్ సిద్ధమైందన్నా లేవదట" అంది. దాని చేతిలో తడిబట్ట, మొహంలో పండగ.

నాకు తల కొట్టేసినట్టయింది అక్కా. పెళ్లయి పదేళ్లు దాటింది. ఈ మనిషి నాతో మాట్లాడినవన్నీ కలిపితే ఒక పూట ప్రార్థనంత ఉండవు. పొద్దున "టీ" అంటాడు. సాయంత్రం "కూరేంటి" అంటాడు. పండక్కి నేను కొత్త గౌను వేసుకుని ముందు నిలబడితే, గుండీ ఊడిందంటాడు. అది అతని స్వభావమనుకున్నాను. నోట్లో నాలుక లేని మనిషి, పోనీలే అని సర్దుకున్నాను. నాలుక ఉందన్నమాట. నాకోసం లేదు, అంతే.

అంతటితో ఆగలేదు ఎస్తెలా. సోమవారం తీసిన షాట్‌లో ఆ చారుబాల పియానోమీదున్న చేతిని తీసుకుని, వేళ్లని ఒక్కొక్కటిగా ముద్దు పెట్టుకుందట. హీరోగారు దూరంగా కుర్చీలో కూర్చుని సిగరెట్ తాగుతున్నాడట. అంటే ఆ వేళ్లు ఎవరివి? మూడుసార్లు తీశారట, సాహెబ్‌కి నచ్చక.

రాత్రి అడిగాను. "సోమవారం ఏం తీశారు?"

"చేతులే."

"చేతులకి ఏమయింది?"

"ఏమీ కాలేదు," అని రెండు చేతులూ తిప్పి తిప్పి చూసుకున్నాడు, నేను దెబ్బ తగిలిందా అని అడిగాననుకుని. ఆ అమాయకత్వం చూస్తే ఒళ్లు మండిపోయింది. పళ్లెం విసురుగా పెట్టాను. "అక్కడ గంటలకొద్దీ కబుర్లట, ఇక్కడ కొలిచి పోసినట్టు రెండు మాటలట" అన్నాను. అతను ముద్ద చేతిలో పట్టుకుని నావంక చూశాడు. ఆ ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. తర్వాత "ఉప్పు సరిపోయింది" అన్నాడు. అప్పటినుంచి నేను మాట్లాడటం లేదు.

అందగత్తె కదా, పోనీ అని ఊరుకుందామంటే నావల్ల కావడం లేదు. అందమైనవాళ్లు బొంబాయి నిండా ఉన్నారు, వాళ్లందర్నీ చూసి ఏడుస్తానా? అతని మాటలు తీసుకుంది అక్కా. నేను పదేళ్లుగా తలుపు తడుతుంటే తెరుచుకోనిది, ఆవిడ ఒక కుర్చీ లాగి తెరిపించింది. నా కడుపుమంటంతా అక్కడ.

పెట్టె సర్దుకున్నాను. వచ్చే బుధవారం స్టీమరుకి వస్తున్నాను. పణజీ రేవు దగ్గరికి ఎవరినైనా పంపు. మీ ఇంటి వెనకగది ఖాళీ చేయించు, కుట్టుపని చేసుకుని బతుకుతాను, నీకు బరువు కాను. వచ్చేముందు ఒక్క పని మిగిలింది. రేపు స్టూడియోకి వెళ్లి, ఆ కబుర్లేమిటో నా చెవులతో విని, ఆవిడకి నాలుగు అంటించి మరీ వస్తాను.

క్లెమెన్తీనా


ధోబీ తలావ్
శుక్రవారం

అక్కా, నా మంచి అక్కా,

రేవుకి ఎవరినీ పంపకు. పెట్టె విప్పేశాను. అలాగని నా కోపం పోయిందనుకోకు. మొత్తం చెబుతాను, కూర్చుని చదువు.

నిన్న పెళ్లినాటి సిల్కు గౌను వేసుకుని రైలెక్కాను. ఆవిడని అనాల్సినవన్నీ దారిపొడుగునా హిందీలో కూర్చుకున్నాను. గేటు దగ్గర పఠాను ఆపాడు. "పియానో బొనిఫాస్ భార్యని" అన్నాను. "ఓహో, చేతుల భార్యా? వెళ్లండి బీబీ" అని దారిచ్చాడు. చేతుల భార్యనట. ఆ మాటతో ఇంకాస్త రాజుకుంది.

లోపల ఒక పెద్ద షెడ్డు. దాని మధ్యలో చెక్కలూ గుడ్డా కొట్టి జమీందారు హాలు కట్టారు. వెనకనుంచి చూస్తే గోడకి మేకులు, ముందునుంచి చూస్తే మహలు. నేను వెనకవైపు ఉన్నాను. కిటికీకి అద్దం లేదు. అందులోంచి పియానో, సాహెబ్, చారుబాల, నీ మరిది కనిపించారు. ఆవిడ నేననుకున్నదానికన్నా పొట్టి.

అడుగు వేయబోతుంటే బొనీ గొంతు వినిపించింది. ఆ వంకర హిందీలోనే, తడుముకోకుండా.

"కత్తెర వద్దు సాహెబ్. తీగ తెగితే తుపాకీ పేలినట్టుంటుంది, ఇల్లంతా పరిగెత్తుకొస్తుంది. ఏ పిల్లా అలా చేయదు."

"మరేం చేస్తుంది?" అన్నాడు సాహెబ్.

"కొవ్వొత్తి మైనం వేళ్లతో మెత్తగా నలిపి, వాయించే రెండు మెట్ల సందులో నొక్కేస్తుంది. మెట్టు కిందికి పోతే ఇక పైకి రాదు. నన్ను పిలవాల్సిందే."

"మైనం కారి పడిందని అనుకోవచ్చుగా?" అంది చారుబాల.

"కొవ్వొత్తి ఉండేది పియానో చివర. మైనం దొరికేది నడిమధ్య. దానిమీద వేలిముద్ర కూడా ఉండేది, ఇంత చిన్నది," అని తన చిటికెనవేలు చూపించాడు.

అక్కా, నేను ఆ చెక్కగోడని పట్టుకుని నిలబడిపోయాను. ఇది నీకు కూడా చెప్పని సంగతి. మడ్‌గావ్‌లో, నా బాప్తిస్మానికి నిలబడిన జ్ఞానతల్లి ఇంట్లో నేనున్న ఏడాది, ఆ పియానో మాటిమాటికీ పాడైపోతోందని, దానికేదో పట్టిందని ఆవిడ ఫాదర్‌గారిని పిలిపించి పవిత్రజలం చల్లించలేదూ? పట్టినదాన్ని నేనే. బొంబాయినుంచి సెలవులకి వచ్చి దాన్ని బాగుచేసిన ఆ మౌనంగా ఉండే కుర్రాడు మళ్లీ గుమ్మంలోకి రావాలని. ఫాదర్ జలం చల్లుతుంటే నేను కూడా భక్తిగా చేతులు జోడించాను. అతనికి తెలియదనే అనుకున్నాను. నిన్నటిదాకా.

"ఆమె ఎక్కడుండేది, మీరు బాగుచేస్తుంటే?" అంది చారుబాల. ఆవిడ నటించాలి కదా, అన్నీ అడుగుతోంది.

"తలుపు వెనక. జడ కొస నోట్లో పెట్టుకుని. నేనటు చూస్తే ఇటు తిరిగి గోడమీద బొమ్మ చూసేది. ఆ బొమ్మలో చూడ్డానికేం లేదు, ఒక ముసలి బిషప్పు."

"మైనం ఏం చేసేవారు?"

"జేబులో వేసుకునేవాణ్ణి. ఇంటావిడ చూస్తే ఆమెని తిడుతుంది కదా. చెక్క ఉబ్బిందని చెప్పేవాణ్ణి."

"అన్నీ తెలిసి ఆ పిల్లని ఒక్కమాట అడగలేదా?"

"అడిగితే మానేస్తుంది కదా," అన్నాడు నీ మరిది.

సాహెబ్ చేతిలో సిగరెట్ కాలుతోంది, దులపడం మర్చిపోయాడు. చారుబాల బొనీవైపు తిరిగి, "ఇప్పుడెక్కడుంది ఆమె?" అంది.

"మా ఇంట్లోనే. రెండురోజులుగా నాతో మాట్లాడటం లేదు. ఎందుకో తెలియడం లేదు."

ఆ తర్వాత చారుబాల చేసి చూపించింది. కొవ్వొత్తి గిల్లింది, నలిపింది, నొక్కింది, మెల్లగా తలుపు వెనక్కి వెళ్లింది. బొనీ తల అడ్డంగా ఊపాడు. "అంత నెమ్మదిగా కాదమ్మా. ఆమెకి భయం. పరిగెడుతూ చెప్పు ఒకటి వదిలేసేది." అక్కా, చెప్పు వదిలేశానని నాకే గుర్తు లేదు.

నేను కనపడకుండా వచ్చేశాను. కూర్చుకున్న హిందీ అంతా అలాగే మిగిలిపోయింది. రైల్లో ఏడుస్తుంటే పక్కన గుజరాతీ ఆవిడ పండు చేతిలో పెట్టింది, ఎవరో పోయారనుకుని.

ఇప్పుడు నా ఏడుపు చారుబాలమీద కాదు. ఆ చెప్పు వదిలేసి పరిగెత్తిన పిల్లమీద. అతనికి దాని జడ గుర్తుంది, వేలు గుర్తుంది, అది చూసిన బిషప్పు గుర్తున్నాడు. నాలో మాత్రం గౌనుకి ఊడిన గుండీ ఒక్కటే కనిపిస్తుంది. ఆ పిల్లని పట్టుకుని జడ పీకాలనిపించింది, ఎక్కడని పట్టుకుంటాను? అద్దంలో చాలాసేపు చూశాను. దొరకలేదు.

సాయంత్రం ఇంటికొచ్చాడు. నేనే ముందు మాట్లాడాను. "ఇవాళ ఏం జరిగింది?"

"ఏముంది, చేతులే," అన్నాడు. కానీ నేను మాట్లాడానని మొహం విచ్చుకుంది. ఆ చేతులతోనే రొయ్యల గిన్నె తన ముందుకి లాక్కున్నాడు. వద్దు, గీత పడుతుందన్నాను. పడనీ అన్నాడు.

అంతా నా నాలుక చివరిదాకా వచ్చింది అక్కా. నేను విన్నాను, ఆ పిల్లని నేనే, నాకెందుకు చెప్పవు అని అరవాలనిపించింది. మింగేశాను. అడిగితే మానేస్తాడు కదా.

మంగళవారం మళ్లీ షూటింగుందట. నేను వెళుతున్నాను, ఆ పఠానుకి కాసిన్ని కొబ్బరి పెట్టిన తీపి నెవ్రీలు పట్టుకుని. సాహెబ్ తర్వాత ఏం చేసిందా పిల్ల అని అడుగుతాడు, నీ మరిది చెబుతాడు.

మేకుల వైపు నిలబడి వినే నీ చెల్లెలు,
క్లెమెన్తీనా