అత్త ఏడుపుకు గిటారు

శ్రీరాంపూర్, 12 జూలై 1989, బుధవారం

మా ఆయన రెండో షిఫ్టుకు పోయాడు. బొగ్గుబాయి దిగిన మనిషి పైకి వచ్చేదాకా మా ఇళ్లల్లో ఎవరూ ఏడుపు పాట ఎత్తరు. ఈ సాయంత్రం ఎత్తింది నా బిడ్డే.

మా బావ, అంటే మా ఆయన అన్న, ఆ బాయిలోనే పైకప్పు మీద కూలి చనిపోయాడు. బావ సంవత్సరీకం నాడు అత్త శోకం పెట్టి ఏడుస్తుంటే ఎవరో టేపులో పట్టుకుపోయారు. దాన్నే ఇప్పుడు పట్నంలో పేరున్న గాయకుడు గిటారు, డ్రమ్ములు పెట్టి పాడాడు. చాయ్ హోటల్లో పొద్దంతా అదే క్యాసెట్. జనం కాళ్లు ఆడిస్తూ వింటున్నారు.

అత్త ఆనాడు ఇద్దరు కొడుకులనూ పేరు పెట్టి పిలిచి ఏడ్చింది, పోయినవాణ్నీ ఉన్నవాణ్నీ. పోయింది ఎవరో ఆ గాయకుడికేం తెలుసు? పల్లవిలో మా ఆయన పేరు పెట్టాడు. పెళ్లయిన నాటినుంచి నేను నోట పలకని పేరు.

బిడ్డ గంతులేస్తూ ఆ పల్లవి అందుకోగానే అత్త చేతిలోని చాట కింద పడింది.

"నోరు ముయ్యి పిల్లా! మీ బాపు ఇంక బాయిలనే ఉన్నడు" అని అరిచింది. తర్వాత నా దిక్కు చూసి, "నేను ఏడ్సింది పెద్దోని కోసం. గాళ్లు తీసుకపోయి చిన్నోని మీద ఏసిండ్రు" అన్నది.

రాత్రి రెండో షిఫ్టు ముగిసిన సైరన్ మోగి చాలాసేపయింది. వీధిలో చెప్పుల చప్పుళ్లు వచ్చాయి, పోయాయి. మా గుమ్మం ముందు ఏదీ ఆగలేదు.

అప్పటిదాకా నిద్రపోని బిడ్డ నన్ను అడిగింది. "అవ్వా, ఆ పాట మిగిలిన దాంట్ల నీ పేరు గూడ వస్తదా?"

ఆ పాటను నేను చివరిదాకా వినలేదు.