ఏడో ఇల్లు

జ్యోతీ,

ల్యాప్‌టాప్‌ను ఛార్జింగ్ నుంచి తియ్యకు, బ్యాటరీ నిలుస్తలేదు. కొత్త ఫైల్ పెన్‌డ్రైవ్‌ల పెట్టిన. పదకొండింటికి బడిల అదే చూపియ్యి.

నువ్వు కంప్యూటర్‌ల చేసిన దుంకుడు ఆట ఎందుకు ఆగుకుంట నడుస్తుందో దొరికింది. మన కాలనీ లైన్‌ల ఉన్న నలభై రెండు ఇండ్లు గీసినవ్. ప్రతి ఇంటి ముంగట చెయ్యి ఊపే మనిషిని పెట్టి, ఒక్కొక్కరికి ఎన్నడు ఆగనియ్యని ఫరెవర్ బ్లాక్ తగిలించినవ్. తెర మీద కనపడకున్నా అందరు ఊపుతనే ఉన్నరు. గా పాత ల్యాప్‌టాప్ ఎంతమందిని మోస్తది?

నాలుగు రోజులు అన్ని తీర్ల చూసిన. బొమ్మలు చిన్నగ చేసిన, పాట తీసేసిన, లాభం లేకపాయె. ఆఖరికి మన బొగ్గు గని మూతపడ్డంక ఎవరెవరు ఖాళీ చేసి పోయిండ్రో యాది చేసుకుంట వాళ్ల ఇండ్లు ఒక్కొక్కటి తీసేసిన. ఏడు మిగిలినయ్. ఇప్పుడు నీ బొమ్మపిల్ల గాలి లెక్క దుంకుతుంది.

బాపుకు చూపియ్యకు. ఆయన ఇండ్లు లెక్కపెడతడు.

నన్ను ఎంతన్న తిట్టుకో, బడికి మాత్రం పో. నాకు బస్ టైమైంది.

అక్క

ఇంకోటి, మనుషులున్న ఇండ్లు నిజానికి ఆరే. ఏడోది అజీజా అత్తది. ఆమె కాలం చేసి రెండేండ్లాయె, అయినా తియ్యబుద్ధి కాలే. నువ్వు గీసిన ఆమె ముప్పై కోడిపిల్లలను సుత అట్లనే ఉంచిన. గవన్ని ఒక్కసారే ఉరుకుతయ్ గన్క ఆమె గడప కాడ ఆట జర ఆగుతది. ఆగనీ.