ఖాళీ సీసా ధర

పెనుకొండ,
2025 నవంబరు 9

అన్నకు,

చెల్లెలు ఈశ్వరి రాసేది. ఇక్కడ అందరం క్షేమం అని రాద్దామంటే చెయ్యి రావడం లేదు. ఫోను చెయ్యొచ్చు కదా అంటావేమో. మా ఇంట్లో ఫోను ఒక్కటే, అది ఎప్పుడూ మీ బావ జేబులోనే ఉంటుంది. ఆయనకు తెలియకూడని సంగతి ఇది. చదివాక వదినకు కూడా చూపించొద్దు.

కార్ల ఫ్యాక్టరీ కొరియా ఇంజినీర్లు ఉండే గెస్ట్‌హౌస్‌లో నేను గదులు తుడుస్తానని నీకు తెలుసు. వాళ్ళు తాగేదంతా విదేశీ విస్కీ. ఖాళీ సీసాలు చెత్తబుట్టలో పడేస్తారు. వాటిని గోతంలో వేసుకుని, పాత సామాన్లు కొనే గుజిరీ అంగడి సిద్ధమ్మకు ఏడు నెలలుగా అమ్ముతున్నాను. మా బిడ్డ పవిత్ర నర్సింగు పుస్తకాల కోసమని మొదలుపెట్టాను. బీరు సీసాకు రెండు రూపాయలు విదిల్చే సిద్ధమ్మ, మూతా అట్టపెట్టే చెడకుండా ఉన్న విదేశీ సీసాకు మూడు వందలిస్తుంది. మొదటిసారి నేను చింతపండూ బూడిదా పెట్టి తళతళలాడేట్టు తోమి తీసుకెళ్తే నెత్తి కొట్టుకుంది. "ఎవురు కడగమన్న్యారే నిన్ను? వాసన పోతే దీన్ని ఎవుడు కొంటాడు? అడుగున ఉండే చుక్క గూడా పారబోయాకు" అంది. ఖాళీ సీసాకు వాసన దేనికని నేను అడగలేదు. మూడు వందలు చేతిలో పడ్డాక నోరెందుకు లేస్తుంది, చెప్పు.

మొన్న గురువారం పరిగి నుంచి కబురొచ్చింది. మీ బావ పెదనాన్న కొడుకు ఉలిగప్ప, కూతురి నిశ్చితార్థం నాడు కొత్త వియ్యంకుడి ముందు గొప్పగా ఉంటుందని విదేశీ విస్కీ తెచ్చాడు. వియ్యంకుడు కడుపులో మంటని ముట్టలేదు. ఈయనే తాగాడు. మర్నాటికి వాంతులు, తర్వాత కళ్ళు మసకలు. హిందూపురం ఆసుపత్రిలో ఉన్నాడు. చూడ్డానికి పోయాను. నా మొహంలోకి చూస్తూనే, "ఎవురమ్మే వచ్చింది? అంతా మబ్బు మబ్బుగా ఉండాది" అన్నాడు. మంచం కింద ఆయన చెప్పుల పక్కన కూలబడిపోయాను.

ఆ సీసా నాదేనేమో, అన్నా. అప్పటినుంచి అన్నం గొంతు దిగడం లేదు. వీధిలో బుల్లెట్టు బండి చప్పుడైతే పోలీసులేనని వంటింట్లోకి పరిగెడుతున్నాను. నువ్వు మందు షాపులో క్యాషియర్‌వి, నీకు తెలియనిది లేదు. ఆ సీసా నాలుగు వేల పైనే అని మా మేనేజరు అంటాడు. నాలుగు వేలు చేసేంత సరుకు అందులో ఏముంటుంది? ఎవడైనా పనిగట్టుకుని పాత సీసా నింపి అమ్మేంత లాభం ఉంటుందా? నేను పోయి ఎవరికైనా చెప్పాలా, నోరు మూసుకోవాలా? నాయన పోయాక నాకు నువ్వే నాయనవి. నువ్వెట్లా చెబితే అట్లా చేస్తాను.

భయంతో చస్తున్న నీ చెల్లెలు,
ఈశ్వరి


ధర్మవరం,
నవంబరు 14

ఈశ్వరమ్మా,

అన్న ఆశీస్సులు. నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. పిచ్చిదానా, గోరంతదాన్ని కొండంత చేసుకుని కూర్చున్నావు. ముందు కడుపునిండా తిను.

నువ్వడిగింది రోజూ మా కౌంటర్ దగ్గర అడిగేదే. "ఏమప్పా, ఇంత రేటా, దీంట్లో బంగారం కరగబోసినారా?" అంటారు. బంగారమూ లేదు, మన్నూ లేదు. ఆ దేశంలో సీసా ఫ్యాక్టరీ గడప దాటినప్పుడు దాని ధర వింటే నువ్వు నవ్వుతావు. ఓడ కిరాయి, బీమా కలిపినా ఏమంత కాదు. మన రేవులో దిగగానే కేంద్రం కస్టమ్స్ సుంకం వేస్తుంది. దిగుమతి చేసినవాడి లాభం దాని మీద. మన రాష్ట్రంలోకి వస్తే ఎక్సైజు, ఆ మీద వ్యాటు. ఆ పేరుతో ఇక్కడ అమ్ముకోవడానికి కంపెనీ వేరే ఫీజు కట్టాలి, అదీ సీసా మీదే రాబట్టుకుంటారు. డిపో ఖర్చు, చివర్న మా షాపు కమీషను. సుంకం మీద సుంకం, దాని మీద ఇంకో సుంకం. అగళి దాటి కర్ణాటకలో అడుగుపెడితే అక్కడి పన్నులు వేరు, అదే సీసాకు రేటు వేరు. బెంగుళూరు విమానాశ్రయంలో దిగేవాడికి సుంకమే లేదు కాబట్టి ఇంకా చవక. విస్కీ ఒక్కటే, ధర మాత్రం అది వచ్చిన దారిని బట్టి.

అందుకే దొంగవాడికి ఆశ. పన్నులన్నీ కట్టిన సీసాలా కనబడేది చేతికొస్తే, లోపల నాలుగైదు వందల లోకల్ విస్కీ పోసినా మిగతాదంతా వాడిదే. సర్కారుకు పోయేదంతా వాడి జేబులోకి. కానీ అందులో పోసేది కూడా విస్కీనే, విషం కాదు. తాగినవాడికి తేడా తెలియదు, ఎవరికీ ఏమీ కాదు. ఉలిగప్ప ఏ నాటుసారా తాగాడో ఎవరు చూశారు? వియ్యంకుడి ముందు పరువు కోసం విదేశీ అని చెప్పుకుంటున్నాడేమో.

పోలీసుల దగ్గరికి మాత్రం పోవద్దు. సీసాలు అమ్మింది నువ్వు, ముందు లోపలేసేది నిన్నే. పవిత్ర చదువు గంగలో కలుస్తుంది. సిద్ధమ్మ అంగడి వైపు పోవద్దు, అంతే. మీ వదిన నీలావతి హిందూపురం పుట్టింటికి పోతూ పెనుకొండలో దిగి ఈ ఉత్తరం ఇస్తుంది. ఆదివారం మీ ఇంట్లో పొట్టేలు కోస్తున్నారు కదా, బావకు మా షాపు నుంచి ఒక విదేశీ సీసా పంపుతున్నాను. సీలు ఉన్నది, భయం లేదు. ఉత్తరం చదివి పొయ్యిలో వెయ్యి.

నీ అన్న,
సాయిప్రసాద్


పెనుకొండ,
నవంబరు 16

అన్నా,

నీ ఉత్తరం పొయ్యిలో వెయ్యలేదు.

నీకు చెప్పని సంగతి ఒకటుంది. గెస్ట్‌హౌస్‌లో నాతోపాటు రాణి కూడా గదులు తుడుస్తుంది. ఇద్దరి సీసాలూ ఒకే గోతంలో పోతాయి. సిద్ధమ్మ దగ్గర ఎవరివెన్నో తేలక మొదట్లో గొడవపడ్డాం. గొర్రెలు కాసిన ఇంట్లో పుట్టినదాన్ని, నాకు తెలిసిన ఉపాయం ఒక్కటే. మంద కలిసిపోతే నాయన మన గొర్రెలను దేనితో విడదీసేవాడు? నేనూ అదే చేశాను. ప్రతి సీసా అడుగున, లోపలికి గుంటపడి ఉండే చోట, పవిత్ర గోళ్ళరంగుతో, నాయన గొర్రెలకు వేసే గుర్తు పెట్టాను. రెండు చుక్కలు, మధ్యలో అడ్డగీత. పక్క ఊరి మందలో కూడా నువ్వు ఆ గుర్తును దూరం నుంచే పట్టేవాడివి.

వదిన శుక్రవారం సాయంత్రం ఇచ్చిన సీసాను శనివారం పొద్దున మీ బావ అట్టపెట్టెలోంచి తీసి చూసుకుని మురిసిపోయాడు. "మా బావమరిది మనసు పెద్దది లేవే" అని అటక మీద పెట్టబోతూ పైకెత్తాడు. కింద నిలబడి ఉన్న నాకు అడుగు కనిపించింది. రెండు చుక్కలు, అడ్డగీత.

అన్నా, దాన్నే చూస్తూ నిలబడ్డాను. "ఏమే, ఎందుకట్ల జూస్తాండావు, దయ్యం పట్టినట్ల?" అని ఆయన నవ్వాడు. సీసా లాక్కున్నాను. ఏడు నెలల సంగతి నిలబడినచోటే చెప్పేశాను, సిద్ధమ్మ పేరూ, నా గుర్తూ, నీ ఉత్తరమూ. కొడతాడనుకున్నాను. కొట్టలేదు. మెట్టు మీద కూర్చుండిపోయి, "రేపు నేను తాగింటేనో?" అన్నాడు. ఆ ఒక్క మాటే. నేనింతవరకు ఆయన్ను అంత భయపడగా చూడలేదు.

ఇద్దరం హిందూపురం పోయాం. ఉలిగప్ప పక్కన ఆయన పెళ్ళాం బాలమ్మ కూర్చుని ఉంది. ఆ సీసా యాడ కొన్న్యారక్కా అని అడిగాను. "నిశ్చితార్థం చీరలకు ధర్మవరం పోతిమి గదమ్మే, ఆన్నే కొన్న్యాడు. ఈడ కొందాంలేబ్బా అంటే ఇనల్యా. ఆడ మన సాయిప్రసాద్ ఉండాడు, కల్తీ ఉండదు అన్న్యాడు" అంది. ఆమెకు నీ మీద కోపం లేదు, అన్నా. నువ్వు బాగున్నావా అని కూడా అడిగింది.

నువ్వు మీ బావను చంపాలనుకున్నావని నేను అనను. అంత పాపం నీ మీద వెయ్యను. లోపల ఉన్నది లోకల్ విస్కీనే అని నువ్వు నమ్మావు. ఎవడో నీకు అట్లా చెప్పాడు, నువ్వు కమీషను తీసుకున్నావు. కానీ ఆ నింపేవాడు ఏ రోజు ఏం పోస్తున్నాడో నువ్వు చూశావా? ఎవరికీ ఏమీ కాదని రాశావే, ఉలిగప్ప ఎడమ కన్ను ఇక రాదని డాక్టరు చెప్పాడు. కుడి కన్ను సంగతి ఇంకో వారమైతే గానీ తెలియదట.

సీసాను ఆ డాక్టరు చేతికే ఇచ్చాను. పరీక్షకు పంపుతామన్నాడు, పోలీసులకు చెప్పక తప్పదన్నాడు. నా పేరు, నేను చేసిన పని చెప్పాను. నీకెవరిచ్చారమ్మా అని అడిగితే మాత్రం నీ పేరు చెప్పలేదు. సోమవారం పదకొండింటికి పోలీసు స్టేషనుకు వచ్చి రాసివ్వమన్నారు. నన్ను లోపలేస్తారో ఏమో. పవిత్రకు చెప్పాను. బిడ్డ ఏడుస్తూనే, "పోమ్మా, పోయి చెప్పు. ఆయప్పను చూసుకునే నర్సు నేనైయింటే, నువ్వు చెప్పకపోతే ఎట్లుండు?" అంది.

హిందూపురం నుంచి తిరిగి వస్తున్న వదిన చేతికి పెనుకొండ రైల్వే స్టేషన్లో ఈ ఉత్తరం ఇస్తున్నాను. అంటించి ఇస్తున్నాను, ఆమెకు ఏమీ తెలియదు. అందగానే మొదట చెయ్యాల్సింది నీ అరల్లో ఉన్న ఆ సీసాలన్నీ దించెయ్. ఒక్కోదాన్నీ తిరగేసి చూడు. నా గుర్తున్నవి కొన్నే ఉంటాయి, రాణివీ ఇంకెవరివీ ఎన్నో నాకు తెలియదు. కాబట్టి గుర్తు లేదని ఏ ఒక్కటీ అమ్మొద్దు. ఈ రాత్రికి ఎవరింట్లో ఏ పండగ ఉందో మనకు తెలియదు.

రేపు పదకొండింటికి నేను హిందూపురం పోలీసు స్టేషను గేటు దగ్గర ఉంటాను. నువ్వొస్తే "మా అన్న వచ్చినాడు సార్" అంటాను. రాకపోతే "మా అన్న ఇచ్చినాడు సార్" అంటాను. రెండింట్లో ఏదైనా నా నోటితోనే అనాలి. నాకు చాలా భయంగా ఉంది. రా, అన్నా.

ఈశ్వరి