నాయన కత్తెర, వాకిట్లో పొద

ఆదివారం రాత్రి, హిందూపురం.

మా వాకిట్లోని పొదకు రేపే మరణశిక్ష అని నాయన పొద్దున కాఫీ తాగుతూ తీర్పు చెప్పాడు. రెండేళ్లుగా ఒక్క పువ్వూ పూయకపోవడం దాని నేరం. రేపు మేస్త్రీ వచ్చి దాన్ని పెరికేసి, ఆ చోట స్కూటర్ నిలపడానికి సిమెంటు వేస్తాడు. అది ఏం చెట్టని బాటనీ చదివిన నన్ను అడిగితే, పువ్వు చూడందే చెప్పలేనని గంభీరంగా తప్పించుకుంటూ వచ్చాను.

బెంగళూరు హైవే మధ్యలోని పొదల్లా గుండ్రంగా ఉండాలని, నాయన ప్రతి ఆదివారం తన బట్టల అంగట్లో వాడే కత్తెరతో దాని చిగుళ్లన్నీ కోస్తాడు. సాయంత్రం నేను నీళ్ల డ్రమ్ము జరిపితే, దాని వెనక కత్తెరకు అందని ఒకే ఒక కొమ్మ చివర ఎర్రటి పూలగుత్తి కనిపించింది. నూరువరహాలు!

"నాయనా, ఇది కొమ్మ కొసన పూస్తాది. కొసలన్నీ నువ్వే కోస్తాండావు."

"గుండ్రంగా భలే ఉండాదని ఫోటో తీసుకునింది నువ్వే కదరా?"

అవ్వ మధ్యలో అందుకుంది. "రెండేండ్లు నీళ్లు పోసినా. దేవునికి ఒక్క పువ్వన్నా పెట్టనిస్తివా అప్పా?"

నాయన వంగి ఆ గుత్తిని చూసి, మేస్త్రీకి ఫోన్ చేసి రావద్దన్నాడు. ఆ వెంటనే, "ఈ కొమ్మ ఒకటే వంకరగా ఉండాది. రవ్వంత సరిచేస్తే..." అంటూ కత్తెర కోసం లోపలికి వెళ్లాడు.

ఇల్లంతా వెతికినా దొరకలేదు. అన్నానికి పిలిచినా అవ్వ చాప మీంచి లేవలేదు. చాప కింద ఏదో ఎత్తుగా ఉంది. బాటనీ చదివినవాణ్ణి, చాపల గురించి నాకేం తెలుస్తుంది?