బలం మాత్రలు

తిరువూరు,
21 ఆగస్టు 2025, గురువారం.

భువనక్కకు నమస్కారం. విస్సన్నపేటలో నువ్వు, బావగారు కులాసా అని తలుస్తాను. ఫోన్‌లో అయితే నవ్వించి తప్పించుకుంటావని ఉత్తరం రాస్తున్నాను.

పొద్దున్నే మొదటి వింత. హెర్నియా ఆపరేషన్‌కని పొట్ట గొరిగి సిద్ధం చేసిన నాన్నను డాక్టరుగారు బల్ల ఎక్కించకుండానే ఆపేశారు. నలభై దాటినవాళ్లకు కత్తి పెట్టేముందు ఆ ఆసుపత్రిలో మూడు నెలల సగటు షుగర్ చూస్తారు. ఆరున్నర లోపు ఉండాల్సింది నాన్నకు పదకొండు వచ్చింది. ఇప్పుడు కోస్తే గాయం మానదు, చీము పడుతుందన్నారు.

నాకు షుగరేంటండీ, మిల్లులో రోజంతా బస్తాలు మోయించేవాణ్ణి అన్నారు నాన్న. మోయించేవాళ్లకే వస్తుంది బాబాయ్ అంది నర్సు గ్లోరి. రక్తం ఎవరిదో మారిపోయి ఉంటుందని నేను ఆమెతో గట్టిగా వాదించాను. అమ్మ నన్ను వరండాలోకి లాగి, ఊరుకోవే, రెండేళ్ల నుంచీ ఉంది, బలం మాత్రలని నేను వేస్తున్నవి షుగర్ మాత్రలే, మీ అక్కే పంపిస్తోంది అంది.

మీ మందుల షాపులో వేలు గుచ్చి చూసింది నువ్వు. మాత్రలు అట్టల్లోంచి విప్పి లేహ్యం సీసాలో పోసింది నువ్వు. షుగర్‌తో కాలు పోయిన తాతయ్యను తలుచుకుని నాన్న హడలిపోతారని దాచారట. మరి నాకెందుకు చెప్పలేదు? ప్రతి ఆదివారం నేను మిఠాయి తెచ్చి నాన్న చేతిలో పెడుతుంటే అమ్మ చూస్తూ ఊరుకుంది. నమ్మకద్రోహం అనే మాటను మొన్న కాలేజీ వ్యాసంలో ముచ్చటపడి వాడాను. ఇంట్లోవాళ్లకు అది మరీ పెద్ద మాట. చిన్నది వెతికాను, దొరకలేదు.

నాన్న ఎదుటే అమ్మ డాక్టరుగారికి అంతా చెప్పేసింది. ఇన్ని మాత్రలు మింగినా తగ్గలేదంటే ముదిరిందని, రేపు చేర్చుకుని మోతాదు పెంచి, ఇన్సులిన్ కూడా మొదలుపెడతామన్నారు. నాన్న కోప్పడతారనుకున్నాను. చొక్కా తొడుక్కుని, ఇంటికి పోదాం పదండి అన్నారు.

కోపంగానే, నీ చెల్లెలు,
సాయిదుర్గ

తా.క.: కవరు అంటించబోతుంటే నాన్న వచ్చి పక్కన కూర్చున్నారు. ఆ మాత్రలేంటో ఆయనకు మొదటి నుంచీ తెలుసట. బుగ్గన పెట్టుకుని, పెరట్లోకి వెళ్లి ఉమ్మేసేవారట. ఒక్కటీ మింగలేదు. మీ తాతయ్య కాలు పోయింది ఆ మాత్రలు మొదలెట్టాకేగా అన్నారు. మీ అమ్మతో అనకమ్మా, బాధపడుద్ది అని ఒట్టు వేయించుకోబోయారు. చెయ్యి వెనక్కి తీసుకున్నాను. మింగని మాత్రల్ని లెక్కలో వేసుకుని మందు పెంచితే షుగర్ ఒక్కసారిగా పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది. రేపు పొద్దున్నే, గ్లోరి సూది తీయకముందే, అమ్మానాన్నల్ని డాక్టరుగారి ఎదుట కూర్చోబెడతాను. నాన్న చెప్పకపోతే నేనే చెబుతాను.