మబ్బురంగు గుర్రం, చైనా వంతెన

నారిన్ నది వంతెన శిబిరం

పెద్దలు బెక్తుర్గాన్ గారికి,

చైనా నుంచి వంతెన కట్టడానికి వచ్చిన ఇంజినీరు లియాంగ్ నమస్కారాలు. మొన్న మీ గుడారంలో తాగిన పులిసిన గుర్రప్పాలు ఇంకా తలలో తిరుగుతున్నాయి. పొగమంచులో మీ మబ్బురంగు గుర్రం సరస్సు నీళ్లు తాగుతుంటే, అంత అందం నా జన్మలో చూడలేదనిపించింది.

మీ లియాంగ్

తా.క.: నిజంగా, ఎంత బాగుందండీ!


తమ్ముడు లియాంగ్‌కు సలాం.

నీ మనసు అర్థమైంది. గుర్రాన్ని పాల లారీ వెంట పంపుతున్నాను. పన్నెండేళ్లుగా నా తోడు. ఇక నీది. నాకేం బాధ లేదు.

బెక్తుర్గాన్

తా.క.: పడుకునేముందు చెవిలో ఏదైనా పాడాలి, లేకపోతే నిద్రపోదు. నాకేం బాధ లేదని రాశాను కదా.


పెద్దాయనకు,

అయ్యయ్యో! ఇంత గొప్ప కానుకకు నేను తగను. వద్దండీ, వద్దు.

లియాంగ్

తా.క.: గుర్రం నా మొహం కూడా చూడటం లేదు.


తమ్ముడికి సలాం.

జీను లేకుండా పంపితే ఎవరైనా వద్దంటారు. తప్పు నాదే. వెండి పువ్వుల జీను పంపుతున్నాను.

బెక్తుర్గాన్

తా.క.: ఇంకా వద్దంటే గుడారమే విప్పి పంపాలి. మా ముసలిది లోపలి నుంచి కదలనంటోంది.


పెద్దాయనకు దండాలు.

పుచ్చుకున్నాను! గుడారం విప్పకండి. మా పై అధికారి గుర్రం మెడకు ఎర్ర రిబ్బను కట్టి, రెండు దేశాల స్నేహమంటూ ఫొటో తీసి బీజింగ్‌కు పంపాడు. గుర్రం మాత్రం పొద్దస్తమానం మీ కొండల వైపే తిరిగి నిలబడుతోంది. రెండు బస్తాల తేయాకు పంపుతున్నాను.

లియాంగ్

తా.క.: చెవిలో మా అమ్మ పాట పాడాను. నేనే నిద్రపోయాను.


తమ్ముడికి సలాం.

నీ టీ తాగి కునికితే కల వచ్చింది. నీ వంతెన మీద మబ్బులు నడిచొస్తున్నాయి. అందులో ఒకటి నన్ను చూసి సకిలించింది. లేచి చూస్తే కట్టుకొయ్య ఖాళీ. ఏడుపొచ్చింది. ఇచ్చింది తిరిగి అడగడం మాలో లేదు. నేనడగను.

బెక్తుర్గాన్

తా.క.: నీ గుర్రం చాలా బాగుంటుంది, తమ్ముడూ. ఎంత బాగుంటుందో!


పెద్దాయనకు,

మీ ఉత్తరం మా వంటామె బురుల్‌కు చదివి వినిపించాను, ఆమె మీ వైపు మనిషే. గరిటె విసిరికొట్టింది. "ఎంత పని చేశావయ్యా! మా దగ్గర ఎవరైనా దేన్ని మెచ్చుకుంటే అది వాళ్లకు ఇచ్చెయ్యాల్సిందే. నోరు మూసుకుని తిని రావడం చేతకాదా?" అంది. సిగ్గుతో చచ్చిపోయాను. ఇప్పుడు మీరు నా గుర్రాన్ని మెచ్చుకున్నారు. అదే లారీ వెంట, జీనుతో సహా, పంపుతున్నాను. బీజింగ్ వాళ్లు అడిగితే సెలవు మీద వెళ్లిందంటాను.

మీ లియాంగ్

తా.క.: వచ్చే వారం వంతెన ప్రారంభోత్సవానికి ముఖ్య అతిథి మీరే. మీకు పుణ్యముంటుంది, వంతెన గురించి ఒక్క మంచి మాట కూడా అనకండి.