హాలుకు ఎనిమిది లైట్లు

మా కొలబద్ద గారికి,

మీ గుండుసూది నమస్కారాలు, కొంచెం కోపంతో కలిపి.

ఫోన్లో మొదలుపెడితే మీరు "సరే, సరే" అంటారు, నాకు ఏడుపు ముంచుకొస్తుంది, అసలు సంగతి గాలికి పోతుంది. అందుకే ఇన్నేళ్ల తర్వాత ఉత్తరం. మన కొత్తింటి స్లాబు వచ్చే సోమవారం వేస్తారట. లైట్ల పైపులూ డబ్బాలూ ఆలోగా ఊచల మధ్య కట్టేయాలి, కాంక్రీటు పడ్డాక మొత్తుకున్నా లాభం లేదని ఎలక్ట్రీషియన్ బాబాయ్ రోజూ నా ప్రాణం తోడేస్తున్నాడు.

ఉద్యోగం ఊరి నుంచి మీరు పంపిన పటం చూశాం. రోడ్లు కొలిచే సర్వేయరు గారు కదా, అన్నీ గీతలే, ఒక్క అక్షరం లేదు. పడకగదికి రెండు, వంటింట్లో పొయ్యి మీద ఒకటి, గట్టు మీద ఒకటి, బాగానే ఉంది. హాలుకు మాత్రం ఎనిమిది! రెండు వరుసలుగా, వాటి మధ్యలో పొడుగాటి సోఫా. బాబాయ్ పటాన్ని అటూ ఇటూ తిప్పి, "ఏమ్మా, కట్టేది ఇల్లా, రైల్వే స్టేషనా?" అన్నాడు. నేనూ నవ్వాను. తర్వాత నా కుట్టుబల్ల వేసుకుందామనుకున్న స్టోర్ గది చూశాను. అక్కడ ఒక్క లైటూ లేదు. నవ్వు ఆగిపోయింది.

ఎందుకో చెప్తాను. పోయినేడు మీ ఆఫీసరు ఇంటికి వెళ్లినప్పుడు ఆయన భార్య నా పని గురించి అడిగితే, "ఏదో కాలక్షేపానికి కుడుతుంది లెండి" అన్నారు మీరు. నేను నవ్వుతూనే కాఫీ తాగాను గానీ, ఆ మాట ఇప్పటికీ గొంతులో అడ్డంపడే ఉంది. పదకొండేళ్లుగా బట్టల దుకాణంలో నేను కుడుతున్నది కాలక్షేపమా? ఇంటికొచ్చాక బల్లను కిటికీ దగ్గరికి ఈడ్చుకుని, వెలుతురు పోయేలోగా గుడ్డ కత్తిరించుకుంటున్నది కాలక్షేపమా? చుట్టాలు కూర్చోవడానికి ఎనిమిది లైట్లు, నాకు ఒక్కటీ లేదన్నమాట.

అందుకని రెండు పనులు చేశాను. దుకాణంలో మానేస్తున్నానని యజమానికి చెప్పేశాను. ఇకనుంచి ఇంట్లోనే నా సొంత కుట్టుపని. స్టోర్ గదికేమో నాలుగు లైట్లు పెట్టమన్నాను, బల్లకు అటు రెండు, ఇటు రెండు, చేతినీడ గుడ్డ మీద పడకుండా. హాలుకు రెండు చాలు. కాదంటే వెంటనే రాయండి. కానీ కాదనకండి.

మీ గుండుసూది

*

గుండుసూదికి,

ఓసి పిచ్చిదానా, హాల్లో నేను గీసింది సోఫా అనుకున్నావా? అది నీ బల్ల! ఏడడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు. అటు నాలుగు, ఇటు నాలుగు లైట్లు ఎందుకు పెట్టానో, పదకొండేళ్లు గుడ్డ కత్తిరించినదానివి, నీకే తట్టలేదా? ఇంట్లో పెద్ద గది నీకే ఇద్దామనుకున్నాను. ముందే చెబితే, "చుట్టాలు ఏమనుకుంటారు" అని నువ్వే అడ్డుపడతావని నోరు మెదపలేదు.

ఇక ఆ కాలక్షేపం మాట. అన్నాను. ఆఫీసరు ముందు గొప్పగా ఏదో అనబోయి నోరు జారాను. ఇంటికొచ్చాకైనా నీకు క్షమాపణ చెప్పాల్సింది, అదీ చెప్పలేదు. తప్పు నాదే. దుకాణం మానేశావని చదివి నాకు హాయిగా అనిపించింది. బాబాయ్‌కి చెప్పి హాలు లైట్లు మళ్లీ పెట్టించు, స్టోరుకు ఒకటి చాలు.

నీ కొలబద్ద

*

కొలబద్ద గారూ,

మీ ఉత్తరం సోమవారం పొద్దున చేతికందేసరికి అక్కడ కాంక్రీటు మిషను తిరుగుతోంది. చెప్పులు కూడా వేసుకోకుండా పరుగెత్తాను. "మళ్లీ మార్చావా తల్లీ!" అని బాబాయ్ నెత్తి బాదుకున్నాడు. కూలీలు వంటింటి వైపు నుంచి మొదలుపెట్టారు కాబట్టి బతికిపోయాం. వాళ్లు హాలు దాకా వచ్చేలోగా ఆయన కడుతుంటే నేను డబ్బాలు అందించాను. ఎనిమిదీ పడ్డాయి. కిందికి దిగాక ఇటుకల వెనక నిలబడి కాసేపు ఏడ్చాను, సంతోషంతోనే.

స్టోర్ గదిలో నాలుగు మాత్రం తీయించలేదు. మీ పటం మళ్లీ తీసి వెతికాను. అందులో మీ బల్ల ఎక్కడండీ? మంచం మీద బోర్లా పడుకుని, నడుం పట్టేసినా గీతలు గీసుకునే మనిషి, సొంత ఇంట్లో తనకంటూ చోటు గీసుకోలేదు. ఆ గది మీది. బదిలీకి అర్జీ పెట్టి వచ్చేయండి.

చుట్టాలంటారా, వరండాలో కూర్చుంటారు. అక్కడ ఒక్క లైటే పెట్టించాను, తొందరగా లేస్తారు.

మీ గుండుసూది